ఎకరానికి ఒక్క పంటేనా? మెట్టసేద్యంలో ఏకపంట వాదానికి ఖండన

గోదావరి డెల్టాకు ఎగువన జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, చింతలపూడి, బుట్టాయగూడెం మండలాల్లో పరచుకున్న ఎర్రనేలల మెట్టసీమలో సేద్యం గురించి ఒక అభిప్రాయం చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. మొక్కజొన్న వేసిన చేలో మొక్కజొన్న తప్ప మరేదీ మొలవరాదనీ, తృణధాన్యపు సాళ్ల నడుమ కందో పెసరో విత్తడం వానను నమ్ముకున్న బీదరైతు వెనకటికి చేసుకున్న సర్దుబాటే తప్ప శాస్త్రీయ సేద్యం కాదనీ, బోరునీరు, సంకర విత్తనం, యూరియా, కలుపుమందు చేతికందిన తరువాత దానికి కాలం చెల్లిపోయిందనీ ఆ అభిప్రాయ సారం. ఎరువుల దుకాణం అరుగు మీద వినిపించే మాటా ఇదే, విత్తన కంపెనీ ప్రతినిధి చెప్పే మాటా ఇదే, చదువుకుని సేద్యానికి తిరిగివచ్చిన యువకులు నమ్మే మాటా ఇదే. ఇంతమంది నమ్మడం వల్ల దీనికి రుజువు అడిగేవారే లేకుండా పోయారు. అడిగి చూస్తే, ఈ వాదానికి బలం నేల స్వభావం నుంచి వచ్చినది కాదనీ, దిగుబడిని కొలిచే తీరు నుంచీ మార్కెట్టు, మందులు, కౌలు ఒప్పందాలు ఏర్పడిన తీరు నుంచీ వచ్చినదనీ తేలుతుంది.

చర్చకు ముందు మాటల అర్థాలు తేల్చుకోవాలి. రెండు మూడు రకాల గింజలను కలిపి వెదజల్లి, సాళ్ల క్రమం లేకుండా పెంచితే అది మిశ్రమ పంట. పోలవరం, బుట్టాయగూడెం కొండల్లో కోయలు, కొండరెడ్లు పోడు చేలలో జొన్న, సామ, కంది, బొబ్బర కలిపి పండించినది ఈ పద్ధతిలోనే. ఒక పంట సాళ్ల మధ్య నిర్ణీతమైన నిష్పత్తిలో, నిర్ణీతమైన ఎడంలో మరొక పంట సాళ్లు వేస్తే అది అంతర పంట. నిలిచి ఉన్న పైరు కోతకు రాకముందే దానిలో తరువాతి పంట గింజలు చల్లితే అది మూడో పద్ధతి. మొక్కజొన్నలో కంది వేయడాన్ని వెనుకబాటుతనంగా ఎంచే డెల్టా పెద్దరైతు తన మాగాణిలో వరికోతకు రెండు మూడు రోజుల ముందు నిలువు చేలోనే మినుము చల్లించి, పదునుతోనూ మంచుతోనూ పంట తీసుకుంటున్నాడంటే, ఈ మూడో పద్ధతిని అతడు తరతరాలుగా ఆచరిస్తున్నట్లే. తృణధాన్యానికీ అపరాలకూ ఉన్న ఈ సంబంధం మాగాణిలో తెలివితేటల కింద జమ అయి, మెట్టలో బీదరికం కింద జమ కావడం వింతగానే ఉంటుంది.

ఏకపంట వాదుల మొదటి ఆక్షేపణ దిగుబడి గురించి. కంది పక్కన పెరిగిన మొక్కజొన్న ఒంటరిగా పెరిగిన మొక్కజొన్న అంత పండదని వారు అంటారు. ఆ మాట నిజమే. అయితే ఆ నిజం మీద కట్టిన నిర్ధారణ చెల్లదు, ఎందుకంటే రెండు పంటలు పండిన చేనును ఒక పంట బస్తాలతోనే కొలిచి, రెండో పంటను తూకానికి బయట వదిలేసి, తక్కువ వచ్చిందని తీర్పు చెబుతున్నారు. ఈ చిక్కును విడదీయడానికే ఆర్. డబ్ల్యు. విల్లీ, ఆర్. మీడ్ అనే పరిశోధకులు 1980లో ఒక కొలమానాన్ని వివరంగా ప్రతిపాదించారు. తెలుగులో దాన్ని భూతుల్యతా నిష్పత్తి అనవచ్చు. కలిపి వేసిన ఒక ఎకరంలో వచ్చిన రెండు పంటల దిగుబడినీ విడివిడిగా వేసి తీసుకోవాలంటే ఎంత భూమి కావాలో చెప్పే అంకె అది. అది ఒకటికి మించితే కలిపి వేయడం లాభం, ఒకటికి తగ్గితే నష్టం. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థలో జొన్న, కంది జంట మీద జరిగిన ప్రయోగాలలో జొన్న తన ఒంటరి దిగుబడిలో సుమారు తొంభై శాతం నిలుపుకోగా, కంది తన ఒంటరి దిగుబడిలో సగానికి పైగా ఇవ్వడం మామూలైన ఫలితం. అంటే నిష్పత్తి ఒకటిన్నరకు అటూఇటూ. విడివిడిగా వేస్తే ఎకరన్నర కావలసిన పంట ఒక ఎకరంలో వచ్చిందన్నమాట.

మొక్కజొన్న జొన్న కన్నా ఎక్కువ నీడ పరుస్తుంది కనుక కంది వాటా ఇంకా తగ్గుతుందని ఎవరైనా అంటే ఆ మాటనూ లెక్కలోకి తీసుకోవచ్చు. ఒంటరి మొక్కజొన్న ఎకరానికి 25 క్వింటాళ్లు, ఒంటరి కంది 6 క్వింటాళ్లు ఇచ్చే చేనును ఊహిద్దాం. కలిపి వేసినప్పుడు మొక్కజొన్న పదోవంతు తగ్గి 22.5 క్వింటాళ్లకు దిగిందనీ, కంది తన దిగుబడిలో మూడో వంతు కూడా ఇవ్వక 1.8 క్వింటాళ్ల దగ్గర ఆగిపోయిందనీ అనుకుందాం. 2025-26 కనీస మద్దతు ధరలు మొక్కజొన్నకు క్వింటాలుకు రూ.2,400, కందికి రూ.8,000. ఒంటరి మొక్కజొన్న విలువ రూ.60,000, కలిపి వేసిన చేను విలువ రూ.68,400. ఈ తేడాలోంచి ఎకరానికి రెండు కిలోల కంది విత్తనం, శనగపచ్చ పురుగుకూ మారుకా మచ్చల పురుగుకూ కొట్టే మందులు, కోత, నూర్పిడి ఖర్చులు తీసేయవలసిందే. కానీ కందికి ఇంత పిసినారితనంతో మార్కులు వేసినా జంటపంట వెనుకబడలేదు. ఇక్రిశాట్ ఫలితాల స్థాయిలో కంది మూడున్నర క్వింటాళ్లు ఇస్తే తేడా ఇరవై వేలు దాటుతుంది. పోగొట్టుకున్న రెండున్నర క్వింటాళ్ల మొక్కజొన్నకు సరితూగడానికి కావలసినది డెబ్బై అయిదు కిలోల కందులు. మొక్కజొన్న తగ్గిందని చెప్పే సలహాదారు ఈ డెబ్బై అయిదు కిలోల మాట ఎత్తడు.

ఇది ఎలా సాధ్యమవుతుందో చెప్పకపోతే అంకెలు గారడీలా కనిపిస్తాయి. తొలకరిలో రెండింటినీ ఒకేసారి విత్తినా, కంది మొదటి రెండు నెలలూ మందకొడిగానే పెరుగుతుంది. ఆ కాలంలో వెలుతురూ నీరూ పోషకాలూ మొక్కజొన్నకే దక్కుతాయి. వంద, నూటపది రోజులకు కంకులు విరిచి చొప్ప కోసేసరికి కందికి ఆకాశం తెరుచుకుంటుంది. అప్పటి నుంచి కొమ్మలు వేసి, పూతపట్టి, లోతుకు దిగిన తల్లివేరుతో అడుగు తేమను లాక్కుంటూ రకాన్ని బట్టి నూటయాభై నుంచి నూటఎనభై రోజులకు కాపు ముగిస్తుంది. రెండింటి ఆకలీ వేర్వేరు నెలల్లో, వేర్వేరు లోతుల్లో ఉండటమే ఈ జంట రహస్యం. మొక్కజొన్న ఒక్కటే ఉన్న చేలో కోత తరువాత నేలలో మిగిలిన తేమ ఎవరికీ పనికిరాకుండా ఎండకు ఆవిరైపోతుంది.

జంగారెడ్డిగూడెం మెట్టకు ప్రత్యేకంగా వర్తించే విషయం ఇంకొకటి ఉంది. అది నేల లోపలి సంగతి కనుక చర్చల్లో కనబడదు. ఎర్రనేలల్లో ఇనుము ఎక్కువ. వేసిన భాస్వరంలో చాలా భాగాన్ని ఆ ఇనుము పట్టి బంధిస్తుంది, అలా బంధించిన భాస్వరం మామూలు పైర్ల వేళ్లకు అందదు. రైతు ఏటా డీఏపీ వేస్తూనే ఉంటాడు, నేల దాన్ని ఏటా దాచేస్తూనే ఉంటుంది. ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్తల బృందం 1990లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లమూ దాని సంబంధిత పదార్థాలూ విసర్జిస్తాయి. అవి ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తాయి. జొన్న, మొక్కజొన్న వంటివి తీసుకోలేని ఇనుప భాస్వరాన్ని కంది తీసుకోగలదని, రాలిన ఆకుల ద్వారా, కుళ్లిన వేళ్ల ద్వారా అది తరువాతి పంటలకు చేరగలదని ఆ పరిశోధన తేల్చింది. నల్లరేగడిలో కన్నా ఎర్రనేలలో ఈ గుణానికి విలువ ఎక్కువ. అంటే, కందిని చేలోంచి తరిమేయడానికి ఏ మెట్టసీమ తొందరపడిందో, దాని అవసరం ఎక్కువగా ఉన్నది ఆ సీమలోనే.

ఇక్కడ అంతర పంటను సమర్థించేవారి అతిశయోక్తిని కూడా పక్కకు తీయాలి, ఎందుకంటే ఏకపంట వాదులకు సులభంగా దొరికే లక్ష్యం అదే. కంది వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి, అదే సీజన్‌లో పక్కనున్న మొక్కజొన్నకు ధారపోస్తాయనీ, యూరియా కొననక్కర లేదనీ ప్రకృతి సేద్య ప్రచారంలో తరచు వినిపించే మాటకు ఆధారం బలహీనం. పక్కపంటకు అదే కాలంలో చేరే నత్రజని చాలా తక్కువ. జరిగేది వేరు: నేలలోని నత్రజనిని మొక్కజొన్న ముందుగా లాగేసుకోవడంతో కంది తన అవసరానికి గాలి మీద ఎక్కువగా ఆధారపడుతుంది, కాబట్టి రెండింటి మధ్య పోటీ తగ్గుతుంది. తరువాతి పంటకు మిగిలే లాభం ఒంటరి కందిలో స్పష్టంగా కనిపిస్తుంది, తృణధాన్యంతో కలిపి వేసిన కందిలో బాగా తగ్గిపోతుంది. నలభై అయిదు కిలోల యూరియా బస్తా సబ్సిడీ ధర రూ.266.50 ఉన్నంతకాలం, నత్రజని ఆదాను మాత్రమే చూపి రైతును ఒప్పించబోవడం వ్యర్థం. ఆ వాదం లేకుండానే అంతర పంట నిలబడగలదు.

రెండో ఆక్షేపణ బోర్ల మీద ఆధారపడినది. వాన నమ్మకం లేనిచోట అంతర పంట ఒక బీమా అనీ, బోరు ఉన్న చేనుకు బీమా అవసరం లేదనీ దాని భావం. వాన విషయంలో ఆ బీమా ఎంత గట్టిదో చూపిన పరిశోధన 1980లోనే వచ్చింది: రావు, విల్లీ అనే శాస్త్రవేత్తలు జొన్న, కంది మీద జరిగిన 94 ప్రయోగాలను కలిపి విశ్లేషించి, ఆదాయం ఒక నిర్ణీత విపత్తు స్థాయికి పడిపోయే ప్రమాదం ఒంటరి కందికి అయిదేళ్లకొకసారి, ఒంటరి జొన్నకు ఎనిమిదేళ్లకొకసారి, రెండూ కలిపి వేసినప్పుడు ముప్పయి ఆరేళ్లకొకసారి అని లెక్కగట్టారు. బోరు ఉన్నవాడికి ఈ అంకె పూర్తిగా వర్తించదు. కానీ బోరు తీర్చేది నీటి లోటునే. ధర పడిపోవడాన్ని ఏ బోరూ ఆపలేదు. ఈ సీమ మొక్కజొన్నకు పెద్ద కొనుగోలుదారు కోళ్ల దాణా. 2020లో కరోనా భయంతో కోడిమాంసం కొనేవారు తగ్గినప్పుడు మొక్కజొన్న ధర మద్దతు ధర కన్నా కిందికి జారింది. 2025 ఫిబ్రవరిలో తణుకు పరిసరాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు కోళ్ల రైతుతో పాటు దాణా గింజ పండించేవాడూ కలవరపడ్డాడు. కంది ధరకు కోడితో సంబంధం లేదు. ఒకే ఆపదకు ఒకేసారి లొంగని రెండు పంటలు చేతిలో ఉండటం రెండెకరాల రైతుకు ఎంత విలువైనదో, నలభై ఎకరాల ఆసామి దృష్టి నుంచి చూస్తే తెలియకపోవచ్చు.

పురుగు విషయమూ ఇటువంటిదే. 2018లో కర్ణాటకలో కనిపించి, ఆ ఏడే ఆంధ్రకు పాకిన కత్తెర పురుగు ఏకపంట మొక్కజొన్నకు తీరని చిక్కుగా మారింది. తూర్పు ఆఫ్రికాలో మొక్కజొన్న సాళ్ల మధ్య డెస్మోడియం అనే పశుగ్రాసపు అపరజాతి మొక్కను, చేను చుట్టూ గడ్డిని వేసి పురుగును తోలే, లాగే పద్ధతిలో కత్తెర పురుగు లార్వాల సంఖ్య ఎనభై శాతానికి పైగా తగ్గినట్లు 2018లో పరిశోధకులు ప్రకటించారు. అది పశుగ్రాసపు మొక్క, కంది కాదు. కనుక ఆ అంకెను ఇక్కడికి అట్లాగే దిగుమతి చేయకూడదు. చేలో ఒకే జాతి మొక్క ఎకరాలకొద్దీ నిలబడటం పురుగుకు పండగ అన్నంత వరకు మాత్రం అభ్యంతరం ఉండనక్కర లేదు.

ఏకపంట వాదుల ఆక్షేపణల్లో నిజంగా బరువైనది మూడోది, దానికి సమాధానం చెప్పడానికి తొందరపడకూడదు. జంగారెడ్డిగూడెం మెట్ట రెండు పంటల సీమ. ఖరీఫ్ మొక్కజొన్న చేతికి రాగానే అదే భూమిలో అక్టోబరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు నాటాలి, లేదా రబీ మొక్కజొన్న వేయాలి. పొగాకు బోర్డు వేలం కేంద్రాలు జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి, గోపాలపురాల్లో ఉండగా, డిసెంబరు, జనవరి దాకా కందిని చేలో నిలబెట్టి రబీ పంటను వదులుకొమ్మని ఎవరు చెప్పగలరు? ఈ ఆక్షేపణ నిజమైనది, కానీ అది తాకేది ఒక్క దీర్ఘకాలిక కందినే. అపరాలంటే కంది ఒక్కటే అన్నట్లు, అంతర పంటంటే ఒక్కటే వంటకం అన్నట్లు వాదించడం ఇక్కడి లోపం. రబీకి నీరున్న చేలో పెసర, మినుము, బొబ్బర వంటి అరవై, డెబ్బై అయిదు రోజుల పంటలు మొక్కజొన్నతో పాటు మొలిచి, మొక్కజొన్న కన్నా ముందే తప్పుకుంటాయి. నీడ సమస్యను తగ్గించడానికి 60 సెంటీమీటర్ల సమాన ఎడం సాళ్లకు బదులు రెండేసి సాళ్లను దగ్గర చేసి, జంటకూ జంటకూ మధ్య వెడల్పు వదిలి, అక్కడ పెసర వేస్తారు. మొక్కజొన్న మొక్కల సంఖ్య తగ్గదు. ఆగస్టు వానల్లో పెసర కాయ తడిసి బూజు పట్టే భయం ఉంది, తెల్లదోమ మోసే పల్లాకు తెగులు భయం ఉంది. కొన్ని సంవత్సరాల్లో ఆ పెసర ఇంటి వాడకానికీ గొడ్ల మేతకూ మించి రాకపోవచ్చు కూడా. అయినా పోయేది కాస్త విత్తనం, ఒక విత్తుకూలి. దీర్ఘకాలిక కంది ఉండవలసిన చోటు వేరు: బోరు ఎండిపోయిన చేను, బోరే లేని చేను, రబీకి మళ్లీ పెట్టుబడి తేలేని కుటుంబం. చిన్నకమతాల్లో ఇవి తక్కువేమీ కావు. కానీ సలహాలన్నీ బోరు పుష్కలంగా పోసే చేను కోసమే తయారవుతున్నాయి.

యంత్రం, కలుపుమందు అనే ఆక్షేపణ పైకి సాంకేతికంగా కనిపించినా, దానిలో అలవాటు పాలు ఎక్కువ. మొక్కజొన్న విత్తిన వెంటనే ఈ ప్రాంతంలో కొట్టే అట్రజిన్ మందు వెడల్పాకు మొలకలను చంపుతుంది కనుక కంది, పెసర దాని కింద బతకవు. మొక్కజొన్నలో అపరాలు సాధ్యం కావన్న నమ్మకం చాలా వరకు ఈ ఒక్క డబ్బా నుంచి పుట్టింది. రెండు పంటలూ తట్టుకునే పెండిమిథాలిన్ మార్కెట్లో ఉంది, అపరాల రైతులు దాన్ని ఎప్పటి నుంచో వాడుతున్నారు. అంటే మందు ఎంపిక పంటల ఎంపికను శాసించింది, ఆ తరువాత ఆ ఫలితాన్నే ప్రకృతి నియమంగా చెప్పుకున్నారు. ఇక కోతయంత్రం విషయంలో, సాలు విడిచి సాలు వేస్తే యంత్రం తిరగదన్నది నిజం. పట్టీలుగా వేస్తే తిరుగుతుంది. చైనాలో సిచువాన్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అభివృద్ధి చేసిన మొక్కజొన్న, సోయా పట్టీల పద్ధతిని ఆ దేశ ప్రభుత్వం 2022 నుంచి జాతీయ కార్యక్రమంగా విస్తరిస్తోంది. రెండు లేదా నాలుగు సాళ్ల మొక్కజొన్న పక్కన కొన్ని సాళ్ల సోయా, ఆ వెడల్పులకు తగిన విత్తే యంత్రాలు, కోతయంత్రాలు. పది లక్షల హెక్టార్ల లక్ష్యంతో మొదలైన ఆ కార్యక్రమాన్ని చూసిన తరువాత కూడా అంతర పంట నాగలి కాలం నాటిదని అనడం కష్టం. ఇక్కడ లేనిది అనువైన యంత్రాన్ని తయారుచేసి అద్దెకు ఇచ్చే ఏర్పాటు.

ఈ వాదంలోని అన్నిటికన్నా పెద్ద వైరుధ్యం కిరాణా దుకాణంలో దొరుకుతుంది. భారతదేశం కందులను పెద్ద ఎత్తున దిగుమతి చేసుకుంటోంది. 2016లో మొజాంబిక్‌తో, 2021లో మలావీ, మయన్మార్‌లతో ఒప్పందాలు కుదుర్చుకుంది, మలావీ నుంచి ఏడాదికి 50 వేల టన్నులు తెచ్చుకోవడానికి అంగీకరించింది. మలావీలో, ఉత్తర మొజాంబిక్‌లో, టాంజానియాలో కందిని పండించేది ఎక్కువగా చిన్నరైతులు, మొక్కజొన్న చేలలో అంతర పంటగా. మలావీలో అపరాలతో వైవిధ్యపరచిన మొక్కజొన్న సాగు సగం ఎరువుతోనే అంతే గింజ ఇచ్చిందనీ, దిగుబడిలో ఒడుదొడుకులు 22 శాతం నుంచి 13 శాతానికి తగ్గాయనీ 2010లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో పరిశోధకులు నివేదించారు. మొక్కజొన్నలో కంది వేయడం గిట్టుబాటు కాదని నమ్మి తన చేలోంచి దాన్ని తీసేసిన మెట్టరైతు, మొక్కజొన్నలో కంది వేసిన మరొక ఖండపు చిన్నరైతు పండించిన పప్పును సముద్రం దాటించుకుని కొనుక్కుంటున్నాడు. ఈ పద్ధతి విలువ కొత్తగా తెలిసినదీ కాదు: 1889లో బ్రిటిష్ ప్రభుత్వం పంపగా వచ్చి భారత సేద్యాన్ని పరిశీలించిన జాన్ అగస్టస్ వోల్కర్, 1893 నివేదికలో ఈ దేశపు రైతుల మిశ్రమ సాగును మెచ్చుకున్నాడు. ఆ మెప్పును ఆ తరువాతి శతాబ్దం పట్టించుకోకపోవడానికి పరిశోధనల కొరత కారణం కాదు.

ఏకపంటకు చెల్లవలసిన చోట్లు లేకపోలేదు. కంపెనీ ఒప్పందం మీద ఆడ, మగ సాళ్లు వేసి సంకర మొక్కజొన్న విత్తనం తీసే పొలంలో ఇతర పంటకు తావు లేదు. నీరు నిండుగా పారే రబీ మొక్కజొన్నకు డెల్టా అంచున వచ్చే దిగుబడిని నీడతో తగ్గించడం కూడా తెలివి కాదు. వీటి నుంచి సాధారణ సూత్రం తీయడమే అభ్యంతరం. ఎందుకంటే ఇదే సీమలో ఏకపంట వాదులు తమకు తెలియకుండానే అంతర పంటను ఒప్పుకున్న చోటు ఒకటుంది: పామాయిల్ తోట. తొమ్మిది మీటర్ల త్రికోణపు ఎడంలో హెక్టారుకు 143 మొక్కలు నాటిన తోటలో మొదటి మూడేళ్లు గెల రాదు, మధ్యనున్న నేల ఖాళీగా ఉంటుంది. పెదవేగిలో ఉన్న భారత పామాయిల్ పరిశోధన సంస్థ మొదలు ఉద్యాన అధికారుల వరకు అందరూ అక్కడ వేరే పంటలు వేసుకొమ్మనే చెబుతారు. చాలామంది వేసేది మాత్రం మళ్లీ ఒంటరి మొక్కజొన్నే. లేత పామాయిల్ వేళ్లతో నీటికీ నత్రజనికీ గట్టిగా పోటీపడే పంట అది. ఆ సాళ్ల మధ్య పెసరో బొబ్బరో జంటగా వేస్తే అట్రజిన్ మానాలి, కోతకు మనిషిని పెట్టాలి, అపరాలను చిన్నమొత్తాల్లో కొనే వ్యాపారి ఊళ్లో ఉండాలి. కౌలుకు తీసుకున్న చేలో అయితే ఇంకొక అడ్డు: ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం గడువు పదకొండు నెలలు, నోటి మాట మీద నడిచే కౌలుకు ఆ గడువు కూడా నమ్మకం కాదు. జనవరిలో కోసే కంది మీద, రెండేళ్లకు ఫలితమిచ్చే నేలబలం మీద పెట్టుబడి పెట్టడానికి కౌలుదారుకు కారణం కనబడదు, అతడు ఈ పంటకు డబ్బు చేతికిచ్చే మొక్కజొన్ననే వేస్తాడు. అతడు ఒంటరి పంటను ఎంచుకున్నాడు కనుక అదే మేలైనదని చూపే గణాంకాలు, అతని కౌలు పత్రం మీది తేదీని ఎన్నడూ లెక్కించలేదు.